విజయవాడలో బయోహజార్డ్ క్లీనింగ్ పెట్టాలంటే: మిషన్లు కొనేముందు చూసుకోవాల్సినవి

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ. ఈ తమ్ముడు విజయవాడలో నాలుగేళ్ళుగా పెస్ట్ కంట్రోల్‌లో పనిచేస్తున్నారు. హత్యలు, ఆత్మహత్యలు, ఒంటరి మరణాలు జరిగిన ఇళ్ళను శుభ్రం చేసే అమెరికన్ కంపెనీల వీడియోలు చూశారు. అలాంటిది ఇక్కడ మొదలుపెట్టాలని ఉంది, చేతిలో పది లక్షలున్నాయి. ఏ మిషన్లు కొనాలి, లైసెన్సు ఎక్కడిస్తారు, ఆదాయం ఎలా ఉంటుంది, బండి కొనాలా అని అడిగారు.

నేను ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా చాలాకాలం చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఇదే పనికి ఒక చిన్న టీమ్ నడుపుతున్నాను. మిషన్ల సంగతి తర్వాత చెప్తాను. ఈ పనిలో రెండు విషయాలు ముందే తేలాలి. మీ దగ్గర పనిచేసేవాళ్ళకు జబ్బు అంటకుండా ఏం ఏర్పాటు చేశారు? ఆ ఇంట్లోంచి తీసిన చెత్త చివరికి ఎక్కడికి చేరుతుంది? వీటికి జవాబు కాగితం మీద రాసుకోలేకపోతే పది లక్షలున్నా, కోటి ఉన్నా మొదలుపెట్టొద్దు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఇప్పుడు ఈ పని ఎవరిచేత చేయిస్తున్నారో మనందరికీ తెలుసు. అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా చనిపోయి రెండ్రోజుల తర్వాత తలుపులు పగలగొడితే, పోలీసులు వెళ్ళగానే వాచ్‌మన్‌నో, మెట్లు తుడిచే ఆమెనో పిలుస్తారు. ఒక బకెట్, ఒక ఫినాయిల్ సీసా, చేతిలో ఐదొందలు. మగవాళ్ళైతే ముందు ఒక క్వార్టర్ తాగించి లోపలికి పంపుతారు. ఊళ్ళల్లో అయితే కులం చూసి పిలిచే అలవాటు ఇంకా పోలేదు. గ్లౌజుల్లేని చేతులతో, కాళ్ళకు రబ్బరు చెప్పులతో ఆ గదిలోకి వెళ్ళిన మనిషికి తర్వాత కామెర్లు వస్తే ఎవరూ ఈ పనితో ముడిపెట్టి చూడరు. మీరు పెట్టబోయే కంపెనీ ఆ మనుషులకే ఒక యూనిఫాం తొడిగి అదే పని అలాగే చేయించేదైతే, దానివల్ల ఎవరికీ మేలు లేదు.

అందుకని మొట్టమొదటి ఖర్చు హెపటైటిస్ బి టీకా. మీకూ, మీతో గదిలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ. మూడు డోసులు: మొదటిది ఈ రోజు, రెండోది నెలకు, మూడోది ఆరో నెలలో. మూడో డోసు తర్వాత నెల, రెండు నెలల మధ్య టీకా పట్టిందో లేదో చూపించే యాంటీబాడీ టెస్టు చేయిస్తే పది యూనిట్లకు (mIU/ml) తక్కువ కాకుండా రావాలి. హెచ్‌ఐవీ గురించి అందరూ భయపడతారు గానీ, శరీరం బయట అది త్వరగా బలహీనపడుతుంది. హెపటైటిస్ బి వైరస్ అలా కాదు, ఎండిపోయిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతికే ఉంటుంది. ఆ వైరస్ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం వెయ్యికి మూడు, టీకా లేని మనిషికి హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి ఆరు నుంచి ముప్పై దాకా. టెటనస్ టీకా కూడా వేయించండి, పగిలిన అద్దాలు, మేకులు ఉండని ఇల్లుండదు.

అయినా గుచ్చుకుంటే? కంగారుపడి వేలు పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, గాయం మీద బ్లీచ్ పోయకూడదు. ధారగా పారే నీళ్ళలో సబ్బుతో కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం లేదు, 28 రోజులు వాడాలి. హెచ్‌ఐవీకి చికిత్స చేసే ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లో ఈ మందులుంటాయి. మీ పని ప్రాంతానికి దగ్గరలో ఉన్న సెంటర్ పేరు, క్యాజువాలిటీ నంబరు రాసిన కార్డు ప్రతి కుర్రాడి జేబులో ఉండాలి.

ఇక లైసెన్సు. 'క్రైమ్ సీన్ క్లీనింగ్ లైసెన్సు' అని మన దేశంలో విడిగా ఏదీ లేదు. ఎవరైనా ఇప్పిస్తామని డబ్బులడిగితే నమ్మకండి. అమెరికాలో కూడా దేశమంతటికీ ఒకే లైసెన్సు లేదు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు ఆరోగ్యశాఖ దగ్గర రిజిస్టర్ చేసుకోమంటాయి. దేశవ్యాప్తంగా వర్తించేది 1991లో వాళ్ళ కార్మిక భద్రతా సంస్థ ఓషా తెచ్చిన రక్తజనిత వ్యాధుల నిబంధన. టీకా యజమాని ఖర్చుతో ఉద్యోగికి అందుబాటులో ఉండాలి, పనిలో పెట్టుకున్నప్పుడూ ఆ తర్వాత ఏటా శిక్షణ ఇవ్వాలి, ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాతపూర్వకంగా ఉండాలి. దాని సారం ఇదే.

మన దగ్గర దీనికి దగ్గరగా ఉన్నది 2016 నాటి బయో మెడికల్ వేస్ట్ నిబంధనలు. బయో మెడికల్ వ్యర్థాలను ఏ రూపంలో చేతపట్టినా ఇవి వర్తిస్తాయి. టీకాలు, ఏటా ఆరోగ్య పరీక్షలు, శిక్షణ ఇందులోనూ ఉన్నాయి. కాకపోతే వీటిని రాసింది ఆసుపత్రులను, ల్యాబులను దృష్టిలో పెట్టుకుని. ఇళ్ళల్లో రక్తం శుభ్రం చేసే కంపెనీకి అందులో విడిగా పేరు పెట్టిన గడి లేదు. కాబట్టి మీరు చేయాల్సింది, ఏం పని చేయబోతున్నారో, ఏ రకం వ్యర్థాలు వస్తాయో రెండు పేజీల్లో రాసి కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి, ఆథరైజేషన్ సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవడం. మీకు అదృష్టం, ఆంధ్రప్రదేశ్ మండలి ప్రధాన కార్యాలయం మీ విజయవాడలోనే ఉంది. నోటిమాట మీద నడిపేయొద్దు. రసీదు స్టాంపు పడిన కాపీ మీ దగ్గర ఉండాలి.

ఆ తర్వాత మీ జిల్లాకు సేవలందించే కామన్ బయో మెడికల్ వేస్ట్ ట్రీట్‌మెంట్ ప్లాంటుతో ఒప్పందం. ఆసుపత్రుల పసుపు సంచులు వెళ్ళేది అక్కడికే. రక్తం పట్టిన పరుపులు, దుప్పట్లు, దూది, బట్టలు పసుపు సంచిలోకి వస్తాయి, వాటిని కాల్చేస్తారు. గ్లౌజులు, ప్లాస్టిక్ గొట్టాల్లాంటివి ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు తెల్లటి గట్టి డబ్బాలోకి. గాజు నీలంలోకి. పసుపు సంచి సరుకు 48 గంటలకు మించి మీ దగ్గర ఉంచుకోకూడదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రక్తం చూడగానే పరుపు మీద బ్లీచింగ్ పోసేస్తారు. క్లోరిన్ పట్టిన పరుపును కాలిస్తే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి, అందుకే నిబంధనల్లో పరుపులు, పక్కబట్టలకు క్లోరిన్ లేని క్రిమిసంహారకమే వాడాలని ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం మందులు ఇందుకు పనికొస్తాయి. బ్లీచ్ నేలకు, గోడకు. పరుపుకు కాదు. ఎవరైనా 'మున్సిపాలిటీ డబ్బాలో వేసేద్దాం, ఎవరు చూస్తారు' అంటే, ఆ డబ్బాలో చెయ్యిపెట్టి చెత్త వేరుచేసే మనిషి చూస్తారని చెప్పండి.

మూడో కాగితం పోలీసులది. మృతి సంగతి ఏదైనా సరే, ఘటన జరిగిన గదిని దర్యాప్తు అధికారి వదిలిపెట్టినట్టు రాతలో లేకుండా చీపురు కూడా ముట్టుకోవద్దు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వచ్చి సాక్ష్యం సేకరించాలి, వీడియో తీయించాలి. రాష్ట్రాలు దీన్ని ఐదేళ్ళలోపు అమలుకు తేవాలి. అంటే క్లూస్ టీమ్ ఒకసారి వచ్చి వెళ్ళాక మళ్ళీ రావచ్చు. పంచనామా అయిపోయిందని బంధువు చెప్పినంత మాత్రాన సరిపోదు. మొదట ఆత్మహత్య అనుకున్న కేసు పోస్ట్‌మార్టం రిపోర్టుతో హత్య కేసుగా మారడం మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. సాక్ష్యం మాయం చేయడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద నేరం. తెలిసి చేశారా, తెలియక చేశారా అన్నది తర్వాత తేలుతుంది, స్టేషన్ చుట్టూ తిరగడం మాత్రం ఆ రోజే మొదలవుతుంది. కాబట్టి ఎఫ్‌ఐఆర్ నంబరు, ఎస్‌ఐ గారి సంతకం, తేదీ, గది ఏదో రాసిన కాగితం ఒకటి, ఇంటి యజమాని లేదా వారసుల అనుమతి ఇంకొకటి. రెండూ వచ్చాకే పని. శుభ్రం చేస్తుండగా ఎముక ముక్క, పన్ను, బుల్లెట్, చీటీ, దాచిపెట్టిన ఫోను ఏది కనపడినా అక్కడే ఆగిపోయి, కదపకుండా ఫొటో తీసి, స్టేషన్‌కు ఫోన్ చేయాలి. అది చెత్త కాదు.

పని ఎలా నేర్చుకోవాలి? మీ ఊళ్ళో పెద్ద ఆసుపత్రి ఏదైనా ఇన్ఫెక్షన్ కంట్రోల్ విభాగంలో కొన్నాళ్ళు కూర్చోనిస్తే వెళ్ళండి. గ్లౌజులు, సూట్ వేసుకునే క్రమం ఎవరైనా నేర్పుతారు. విప్పే క్రమం అక్కడే సరిగ్గా నేర్చుకుంటారు, జబ్బు అంటేది విప్పేటప్పుడే. బయటి గ్లౌజు, సూట్, మళ్ళీ చేతులు శుభ్రం, తర్వాత కళ్ళద్దాలు, చిట్టచివర మాస్కు. అద్దం ముందు నిలబడి, పక్కన ఒకరు చదువుతుంటే చేయాలి.

రెండో అభ్యాసం మీరే చేసుకోవచ్చు. మటన్ కొట్టులో పొద్దున్నే అడిగితే గొర్రె రక్తం ఇస్తారు. ఒక తాండూరు బండ, దాని మీద ప్లైవుడ్ ముక్క, దాని మీద కొబ్బరిపీచు పరుపు ముక్క పేర్చి, పైన అర లీటరు పోయండి. మూతపడిన బాత్రూంలో రెండ్రోజులు వదిలేయండి. తర్వాత ఒక్కో పొర విప్పుతూ చూడండి. పైన పళ్ళెమంత మరకే ఉంటుంది. పరుపు అడుగుకు వచ్చేసరికి దానికి రెట్టింపు పరుచుకుని ఉంటుంది. ప్లైవుడ్ పై పొర బాగానే కనిపిస్తుంది, అంచు కోస్తే లోపలి పొరల మధ్య నల్లటి గీతలా పాకి ఉంటుంది. బండ అయితే పైన తుడిస్తే పోతుంది, సందులో వేసిన సిమెంటు మాత్రం తాగేసి ఉంటుంది. అప్పుడు అర్థమవుతుంది, ఫినాయిల్ వేసి తుడిచిన గది వారానికే మళ్ళీ ఎందుకు కంపు కొడుతుందో. తుడవడం మన పనిలో చిన్న భాగం. ఎంతవరకు పాకిందో కనిపెట్టి, అంతవరకూ కోసి తీయడమే అసలు పని.

నిజమైన గదిలో కూడా ఇదే వరుస. వేసవిలో మూడు నాలుగు రోజులు మూసి ఉన్న ఫ్లాట్ అనుకోండి. ముందు కరెంటు చూసుకోవాలి, తడిసిన స్విచ్‌బోర్డులుంటాయి. ఈగల మందు మీకు తెలిసిన పనే, దానితోనే మొదలు. ఈగలు ఆ గదిలోంచి వంటింట్లోకి మోసుకెళ్ళేది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తర్వాత గది బయట ప్లాస్టిక్ షీటుతో సూట్ విప్పే చోటు ఏర్పాటు చేసి, పరుపును అక్కడే చిన్న ముక్కలుగా కోసి రెండు సంచుల్లో మూటగట్టాలి. నిండు పరుపును లిఫ్ట్‌లో దించొద్దు, అది లిఫ్ట్ నేల మీద కారితే అపార్ట్‌మెంట్ మొత్తానికి సమాధానం చెప్పాలి. దివాన్ కాట్ అయితే ప్లైవుడ్ పోయినట్టే, టేకు మంచమైతే కొన్నిసార్లు దక్కుతుంది. వేలిముద్రల కోసం చల్లిన నల్ల పొడి కనిపిస్తే తడిగుడ్డ పెట్టకండి, పూసుకుపోతుంది. ముందు అతి సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో లాగాలి.

రక్తానికి చల్లటి నీళ్ళే. వేడినీళ్ళు పోస్తే గడ్డకట్టి మరక నాటుకుపోతుంది. ఎండినదాన్ని గీరకండి, తుంపరలు లేస్తాయి. ఎంజైమ్ ద్రావణంతో తడిపి, మెత్తబడ్డాక ఎత్తాలి. మొత్తం తీసేశాకే బ్లీచ్. సేంద్రియ పదార్థం మిగిలి ఉంటే క్లోరిన్ దాని మీదే ఖర్చైపోతుంది, క్రిముల దాకా చేరదు. బ్లీచ్ అంటే మార్కెట్లో దొరికే 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం, అది ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్ళు కలిపితే 1 శాతం వస్తుంది. ఏ రోజుది ఆ రోజే కలపాలి, నేల తడిగా పది నిమిషాలైనా ఉండాలి. మన ఎండలకు గోడౌన్‌లో ఉంచిన హైపో బలం తగ్గిపోతుంది, తయారీ తేదీ చూసి కొనండి. బాత్రూం కడిగే యాసిడ్‌ను దాని దగ్గరకు రానివ్వొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, చిన్న బాత్రూంలో మనిషిని పడేస్తుంది. పైగా యాసిడ్ పాలరాయిని, తాండూరు బండను తినేస్తుంది.

మన జిల్లాల్లో ఇంకో ప్రమాదం ఉంది, అమెరికా వీడియోల్లో కనపడదు. పురుగుమందు వల్ల మరణం జరిగిన ఇల్లు. అక్కడ వాంతి, బట్టలు, పరుపు అన్నీ విషమే, చర్మం గుండా ఎక్కుతుంది. పలచని నైట్రైల్ గ్లౌజు చాలదు, మందపాటివి కావాలి, మాస్కుకు రసాయన ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉండాలి. ముందే ఏ మందో అడిగి తెలుసుకోండి. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ అయితే తడి తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు విడుదలవుతుందని మీకు వేరే చెప్పక్కర్లేదు. నీళ్ళు పోయకుండా, కిటికీలు తీసి, అందరినీ బయటికి పంపి ఫైర్ స్టేషన్ నంబరు 101కి ఫోన్ చేయండి. ఈ జ్ఞానం ఉండటం వల్లే పెస్ట్ కంట్రోల్ నుంచి వచ్చినవాళ్ళు ఈ పనిలో రాణిస్తారని నా నమ్మకం.

సూట్ వేసుకున్న మనిషిని మే నెల విజయవాడ ఎండలో గంటసేపు లోపల ఉంచకండి. అరగంటకొకసారి మార్చండి, బయట ఒకరు టైమ్ చూస్తూ ఉండాలి, ఓఆర్‌ఎస్ తాగించాలి. ఇన్ఫెక్షన్ కంటే ముందు వడదెబ్బే పడేస్తుంది.

ఇంటివాళ్ళతో మాట్లాడటం గురించి మీరు అడగలేదు, నాకు మాత్రం ఇది టీకాతో సమానం. ఫోన్ చేసేది సాధారణంగా కొడుకో, అల్లుడో, పక్కింటాయనో. 'బాడీ ఎక్కడ పడి ఉండింది' అని అడగొద్దు. 'నాన్నగారి గది ఏది' అనండి. ఆ గదిలో వస్తువులన్నీ వాళ్ళ ముందు జాబితా రాసి, బంగారం, డబ్బు, కాగితాలు, ఫొటోలు విడిగా పెట్టి సంతకం తీసుకోండి. చనిపోయినవారి కళ్ళద్దాలు, చేతిగడియారం లాంటివి శుభ్రం చేసి కవర్లో పెట్టి ఇస్తే ఆ కుటుంబం మిమ్మల్ని జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. ముందు, తర్వాత అని ఫొటోలు పెట్టి ఇన్‌స్టాలో ప్రచారం చేసుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. మీ కుర్రాళ్ళ ఫోన్లు కూడా పని మొదలయ్యేముందు బయట డబ్బాలో వేయించండి. రికార్డుకు తీసే ఫొటోలు మీ ఒక్కరి దగ్గరే ఉండాలి.

మన ఇళ్ళల్లో ఇంకో సంగతుంది. ధనిష్ఠా పంచకంలో పోయారని పంతులుగారు చెబితే ఇల్లు మూడు నెలలో, ఆరు నెలలో తాళం పెట్టి వెళ్ళిపోతారు. ఆ నమ్మకంతో మనం వాదించక్కర్లేదు. కానీ అలా తాళం పడిన గదిలో రక్తం, ద్రవాలు మిగిలి ఉంటే ఆరు నెలలకు చెదలు, ఎలుకలు చేరి, గచ్చు పగలగొట్టే దాకా వస్తుంది. 'ఇల్లు వదిలేముందు ఒక్కరోజు మాకివ్వండి, శుభ్రం చేశాక తాళం వేసుకోండి' అని చెబితే దాదాపు అందరూ ఒప్పుకుంటారు. పుణ్యాహవచనం, పసుపునీళ్ళు మన పని పూర్తయ్యాక. మీ ప్రాంతంలో ఉన్న పురోహితులకు ఈ విషయం వివరించి ఉంచండి. మరణం తర్వాత ఆ ఇంటికి మొదట వెళ్ళి మాట్లాడే పెద్దమనిషి ఆయనే, ఆయన మాట వింటారు.

మీ కుర్రాళ్ళ మనసు కూడా చూసుకోవాలి. చిన్నపిల్లలు పోయిన ఇంటికి వెళ్ళొచ్చిన వారం కొంతమంది అన్నం తినలేరు, నిద్రపోలేరు. ఎవరైనా 'ఈ ఇంటికి నేను రాను' అంటే జీతం కోయకుండా వదిలేయాలి, తాగి పనిలోకి రావడం మాత్రం ఎవరికీ ఒప్పుకోవద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంటివాళ్ళకూ ఆ నంబరు ఇవ్వండి.

ఇప్పుడు ఆదాయం. ఇక్కడ నిజం చెప్పాలి. అమెరికాలో చాలాచోట్ల ఇంటి బీమా డబ్బు చెల్లిస్తుంది, నేర బాధితులకు రాష్ట్ర నిధులు కొంత ఇస్తాయి. మన దగ్గర ఇంటి బీమా చేసినవాళ్ళే తక్కువ, చేసినా ఈ ఖర్చు వస్తుందని లెక్క వేసుకోవద్దు. డబ్బు ఇచ్చేది కుటుంబమో, అద్దెకిచ్చిన యజమానో, లాడ్జి లేదా హాస్టల్ నడిపేవాళ్ళో. ఒక్క విజయవాడ మీద ఆధారపడి కేవలం ఈ పనితో నెలనెలా జీతాలు ఇవ్వగలనని అనుకుంటే నష్టపోతారు. నెలలో నాలుగు కాల్స్ రావచ్చు, రెండు నెలలు ఒక్కటీ రాకపోవచ్చు. ఈఎంఐ మీద ఏమీ కొనొద్దు. పెస్ట్ కంట్రోల్ పని వదలొద్దు.

దీనికి పక్కన నిలబడే పనులు మాత్రం చాలా ఉన్నాయి, వాటికి కావలసిన సామాను, శిక్షణ చాలావరకు ఇవే. డక్టుల్లో, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల దగ్గర పేరుకున్న పావురాల రెట్టలు ఒకటి. పొడిగా ఊడ్చితే ఊపిరితిత్తుల జబ్బులు తెస్తాయి, తడిపి, మాస్కు పెట్టుకుని తీయాలి. యాక్సిడెంట్ జరిగిన కారు సీట్లు ఇంకొకటి. వృద్ధాశ్రమాలు, మంచం పట్టిన రోగి ఉన్న ఇళ్ళు, ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు. వరద మీకు నేను చెప్పాలా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు ఇళ్ళు కడగడానికి ఫైరింజన్లు పెట్టాల్సి వచ్చింది. మురుగు కలిసిన ఆ నీళ్ళు తాగిన పరుపు, సోఫా, ప్లైవుడ్ బీరువా కూడా మన పని కిందికే వస్తాయి. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ గుర్తుంచుకుని గమ్‌బూట్లు లేకుండా దిగొద్దు. సెప్టిక్ ట్యాంకులో మనిషిని దించమని ఎవరైనా అడిగితే ఎంత డబ్బిచ్చినా కాదనండి, చేతులతో పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా దించడం నేరం, ప్రాణాలు పోతాయి.

రేటు చదరపు అడుగుల లెక్కన చెప్పకండి. స్థలం చూసి, మనుషులు, గంటలు, వాడిపారేసే సామాను, ప్లాంటుకు కట్టే వ్యర్థాల ఛార్జీ, కోసి తీయాల్సినవి విడివిడిగా రాసి ఇవ్వండి. ఫోన్లో తక్కువ చెప్పి ఇంటికెళ్ళాక పెంచేది ఈ పనిలో పాపం. ఏడుస్తున్న మనిషి బేరమాడలేడు, ఆ బలహీనత మీద సంపాదించొద్దు. గోడలు, గచ్చు తిరిగి వేయడం మన పని కాదని ముందే రాయండి. మార్చురీ దగ్గర, స్టేషన్ దగ్గర కమీషన్ ఇచ్చి కాల్స్ తెచ్చుకోమని చాలామంది సలహా ఇస్తారు. ఒకసారి మొదలుపెడితే ఆ కమీషన్ కుటుంబాల మీదే వేయాల్సి వస్తుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు, హాస్టల్ యజమానులకు, ఇంటి అద్దెలు చూసేవాళ్ళకు మీ కాగితాలు చూపించి పరిచయం చేసుకోండి, నెమ్మదిగానే అయినా నమ్మకం కుదురుతుంది. క్లీనింగ్ సేవకు జీఎస్టీ 18 శాతం, ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. కంపెనీలు, లాడ్జీలు ఆ నంబరు లేకపోతే బిల్లు తీసుకోవు కాబట్టి ముందే తీసుకుంటే మంచిది. కుర్రాళ్ళకు ఈఎస్‌ఐ, అది రాని సంఖ్యలో ఉంటే ప్రమాద బీమా.

చివరికి మిషన్లు. పది లక్షల్లో మూడో వంతు మించి పెట్టొద్దు. మంచి హెపా వాక్యూమ్ ఒకటి, క్యాట్రిడ్జ్ మార్చుకునే రెస్పిరేటర్లు మనిషికొకటి, చెమ్మ కొలిచే మీటరు, గచ్చు, ప్లైవుడ్ కోయడానికి చిన్న కట్టర్లు. ఎన్‌95 దుమ్మును ఆపుతుంది, వాసనను, వాయువును ఆపదు. శుభ్రత చూపించడానికి ఏటీపీ మీటరు తర్వాత కొనొచ్చు, అది క్రిములను లెక్కపెట్టదు, సేంద్రియ పదార్థం మిగిలిందా లేదా అన్నది మాత్రమే చెప్తుంది. వాసన పోగొట్టడానికి వాడే ఓజోన్ మిషన్ మీద అందరికీ మోజు. వాసన పుట్టే మూలాన్ని తీయకుండా ఓజోన్ పెడితే రెండ్రోజుల్లో కంపు తిరిగొస్తుంది. పైగా మనుషులు, కుక్కలు, చేపల తొట్టెలు ఉన్న ఇంట్లో అది నడపకూడదు. ఫాగర్ మీ దగ్గర ఇప్పటికే ఉంటుంది, పొగ కొట్టినంత మాత్రాన ఇల్లు శుభ్రమైనట్టు కాదని ఇంటివాళ్ళకు చెప్పగలిగితే చాలు.

బండి మాత్రం ఇప్పుడు కొనొద్దు. పసుపు సంచులు మీ ఆటోలోనో, వ్యాన్‌లోనో తీసుకెళ్ళడానికి లేదు, ఆథరైజేషన్ ఉన్న ప్లాంటు వాహనమే బార్‌కోడ్ వేసి తీసుకెళ్ళాలి. వాళ్ళ వాహనం ఏ రోజుల్లో మీ వైపు వస్తుంది, ఆదివారం, పండగ రోజు ఫోన్ చేస్తే వస్తుందా, కనీస ఛార్జీ ఎంత అన్నది ఒప్పందంలోనే రాయించుకోండి. టీకా మొదటి డోసు వేయించుకున్న రోజు నుంచి మూడోదానికి ఆరు నెలలుంది. మండలి ఉత్తరం, ప్లాంటు ఒప్పందం, ఆసుపత్రిలో శిక్షణ, గొర్రె రక్తంతో అభ్యాసం ఈలోగా పూర్తవుతాయి. మండలికి ఇచ్చే ఉత్తరం రాశాక ఇక్కడ పెట్టండి, చదివి ఏవైనా మార్చాల్సినవి ఉంటే చెప్తాను.